మీకు తెలుసా? పత్తికి కొట్టిన మందు, వార్డులో లొంగని సూక్ష్మజీవి

పల్నాడులో పత్తికి నల్లమచ్చ తెగులు తగిలితే ఏం కొట్టేవారు? పది లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, తోడుగా ఒక గ్రాము పౌషామైసిన్ లేదా ప్లాంటామైసిన్. ఏళ్ల తరబడి అందరికీ కంఠతా వచ్చిన లెక్క. ఆ చిన్న పొట్లంలో ఉండేవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే! 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్‌తోనే క్షయకు తొలిసారి పనిచేసే యాంటీబయాటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల వంశానికి ఆద్యం ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి తెలిసినప్పుడు దాన్ని తెచ్చిన లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనకు పెద్దదిక్కు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు.

చేలో మందుకు చావని బ్యాక్టీరియా ఊరికే ఉండదు. మందును ఓడించే జన్యువుల్ని ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయంలో పెట్టి పక్కవాటికి పంచుతుంది, వేరే జాతివైనా సరే. కొన్ని వలయాల్లో ఒకేసారి నాలుగైదు మందుల్ని ఓడించే జన్యువులుంటాయి. అందుకే ఒక మందు వాడితే మిగతావాటికీ లొంగనివి పెరుగుతాయి. ఆసుపత్రి వార్డులోనూ ఇదే కథ. ఐసీయూలో వెంటిలేటర్ గొట్టాన్నీ మూత్రపు గొట్టాన్నీ పట్టుకుని వేలాడే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా కార్బపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లకూ లొంగకపోతే డాక్టరుకు మిగిలేది కొలిస్టిన్ లాంటి పాత మందు. దానితో కిడ్నీలకు ముప్పు.

లొంగని బ్యాక్టీరియా పెరిగేది చేలల్లోనే కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాక వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు.