ఇంటి కలహము – పసి హృదయము



ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు బాటలో గుండుగొలను కలదు. ఆ యూరికి దక్షిణమున కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు వరదను ఆ సరస్సు తన కడుపున నిలుపుకొని, ఉప్పుటేరు గుండా సముద్రమునకు విడుచును. ఉప్పుటేరు పూడినచో నీరు వెనుకకు తన్ని చేలను ముంచును. ఈ సంగతి అచ్చటి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పసివాని మనస్సును గూర్చియు ఇట్టి మాటయే చెప్పవలసియున్నది.

కొన్ని యిండ్లలో తల్లిదండ్రులు నిత్యము కలహింతురు. తండ్రి త్రాగి వచ్చి చేయిచేసికొనును. లేదా ఇరువురును నెలల తరబడి మాటలాడుకొనరు. "పసివాడు, వానికేమి తెలియును?" అని పెద్దలందురు. వానికి మాటల యర్థము తెలియకపోవచ్చును. గొంతు తెలియును; తలుపు చప్పుడు తెలియును; తల్లి చేయి వణకుట తెలియును. భయము కలిగినప్పుడు గుండె వడిగా కొట్టుకొనుట శరీరధర్మము. ఆపద గడచిన వెంటనే అది నెమ్మదింపవలెను. ప్రతి సాయంకాలమును ఏమగునో యని యెదురుచూచు బిడ్డకు ఆ నెమ్మది లేదు.

అట్టి బిడ్డలలో కొందరు చిన్నమాటకే కోపింతురు. కొందరు మౌనము వహింతురు. మరికొందరు తల్లిని తామే యోదార్చుచు, చెల్లెండ్రను లాలించుచు, తాము మాత్రము కంట తడి పెట్టరు. వీరిని మనము "బుద్ధిమంతులు" అని మెచ్చుకొందుము గాని, వారి బరువును గమనింపము. తప్పు తమదే యని తలంచు బిడ్డలును పలువురు కలరు.

ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ, 1951లో ప్రకటితమైన ప్రపంచారోగ్యసంస్థ నివేదికలో, తల్లితో గాని తల్లివంటివారితో గాని స్థిరమైన యనుబంధము బిడ్డకు ఆవశ్యకమని చెప్పెను. 1998లో వెలువడిన యొక కాలిఫోర్నియా పరిశీలనములో, బాల్యమున ఇట్టి కష్టము లెన్ని యెక్కువగ నుండెనో, పెరిగిన పిమ్మట విషాదము, త్రాగుడు, గుండెజబ్బు సైతము అంత యెక్కువగ కనబడెను.

మన తెలుగు స్త్రీలు ఈ బాధను అనుభవమున ఎరుగుదురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమము జిల్లాలకు ప్రాకగా 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. వారు కోరినది కూలిడబ్బు ఇల్లు చేరుట మాత్రమే కాదు, ఇంట శాంతి కూడను.

ఇంతమాత్రమున నిరాశ వలదు. హవాయి ప్రాంతపు కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ మొదలగు పరిశోధకులు పెద్దవారగువరకు గమనించిరి. దారిద్ర్యము, ఇంటి కలహము మొదలగు కష్టముల నడుమ పెరిగినవారిలో సుమారు మూడవవంతు సమర్థులై, దయగలవారై యెదిగిరి. అట్టివారిలో పలువురికి చిన్ననాట నమ్మదగిన పెద్ద ఒక్కరైనను తోడుండిరి.

కావున కలహము గడచిన పిమ్మట బిడ్డను దగ్గరకు తీసికొని, "నీ తప్పేమియు లేదు నాయనా" అని స్పష్టముగ చెప్పుడు. అమ్మమ్మయో, మేనత్తయో, పంతులుగారో వాని మాటను తీరికగ వినవలెను. దెబ్బలు తిను తల్లికి "పిల్లలకొరకు ఓర్చుకొమ్మ"ని బోధింపకుడు. ఆ దెబ్బలను పిల్లలును చూచుచున్నారు. గృహహింసనుండి ఆమెను రక్షించుటకు 2005లో చేసిన చట్టము కలదు. ఆపదలోనున్న బిడ్డకొరకు ఎవరైనను 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

మన పొరుగింటి వరదను మనము ఆపజాలకపోవచ్చును. ఆ యింటి బిడ్డ మన గడపకు వచ్చినప్పుడు, వాడు చెప్పునంతవరకు వినుట మన చేతిలోని పని. అదియే వానికి ఉప్పుటేరు.