అవ్వను అడిగినవారు

మన పెద్దలు మానవజీవితమును నాలుగాశ్రమములుగా విభజించి, కుమారులకు గృహభారమప్పగించి తాము వైదొలగుటను వానప్రస్థమనిరి. కాని అప్పగించుటకు భారమే తప్ప ఆస్తి లేనివారికి, పరుల పొలములో నడుము వంచినగాని పొయ్యి రాజనివారికి, ఆ మూడవ ఆశ్రమమున చోటు కానరాదు. గుంటూరు జిల్లా కాకుమాను నల్లరేగడి చేలలో వయసున్నంతకాలము పత్తి తీసి, మిరప కోసి, నడుము వంగిన పిదప నీడపట్టున కూర్చుండి ఎండుకాయలకు తొడిమలు తీయు వృద్ధస్త్రీలను తలచినప్పుడెల్ల నాకీ సందేహమే కలుగును: వారి మలిసంధ్యకు ఆశ యెక్కడినుండి రావలెను?

ఆ కోవకు చెందిన స్త్రీయే కర్రె మస్తానమ్మ. తెనాలి ప్రాంతపు గుడివాడ యను పల్లె ఆమె నివాసము. పదునొకండవ యేట వివాహము, ఇరువదిరెండవ యేట వైధవ్యము, అయిదుగురు బిడ్డలు, కూలిపని; ఇంతటితో ముగియదగిన చరిత్రయే అది. అయితే 2016లో ఆమె మునిమనుమడును, అతని మిత్రుడును ఆమె వంటను చిత్రించి, ‘కంట్రీ ఫుడ్స్’ పేర యూట్యూబ్‌లో లోకమునకు చూపిరి. అప్పటికే ఆమెకు నూరేండ్లు దాటినవని ఇంటివారి మాట. పుట్టినతేది తెలుపు కాగితమేదియు లేదు.

ఆరుబయట కట్టెలపొయ్యి రాజేసి, అల్లపు పొట్టును చేతిగోళ్లతోనే గీకివేసి, పుచ్చకాయ గుజ్జు తొలచి ఆ డొల్లలో కోడికూర వండి, నిప్పుకణికనైనను పొగమంటనైనను కన్నార్పక చూచి, ఉప్పుకారములను కొలతపాత్రతో గాక గుప్పిటితో నిర్ణయించు ఆ ముదుసలిని పదిలక్షలకు మించిన చందాదారులు అనుసరించిరి. కీర్తి వచ్చినందుకు నేనామెను తలచుటలేదు. ఆ హస్తనైపుణ్యము ఆమెకు డెబ్బదియేండ్ల క్రితమును కలదు, అడిగినవారే లేకపోయిరి. ఆ యువకులు ఆమెను ఓదార్పలేదు, మూలను కూర్చుండబెట్టి మ్రొక్కలేదు. పని చెప్పిరి, ఆమెకు మాత్రమే తెలిసిన పనిని చెప్పిరి. 2018 డిసెంబరులో కన్నుమూయునాటికి ఆమె దూరదేశములవారికిని అవ్వయైనది.

చదువుకొన్నవారికి ఇట్టి పిలుపు కొంత సులభముగనే దొరకును. 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున పదవీవిరమణ చేసిన ఆచార్య చిలుకూరి శాంతమ్మ, తొంబదియేండ్లు దాటినను విశాఖనుండి విజయనగరము పోయి సెంచూరియన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించినది. ఆమె జ్ఞానమునకు తరగతిగది యున్నది. తొడిమలు తీయు అవ్వ జ్ఞానమునకేది?

2024 జూలైనుండి ఆంధ్రప్రదేశమున వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను మొదటి తేదిననే ఇంటికి వచ్చుచున్నది. ఇది స్వల్పమైన మేలు గాదు. మందుబిళ్లలకై కోడలి ముఖము చూడనక్కరలేని స్థితి ముసలితనమున ఎంతటి గౌరవమో, ఆ స్థితి లేనివారికే తెలియును. అయినను పింఛను పుచ్చుకొన్న మరునాటినుండి ఆ నెల గడచుటకు మరియొకటి కావలెను, అది తమకు తెలిసిన పనికి పిలుపు. దానిని ప్రభుత్వమీయజాలదు, ఇంటివారీయవలెను.

ఏ మిరపకాయను ఎంత ఎండనిచ్చిన కారము రంగు చెడదో, నిలువపచ్చడికి ఏ గోంగూర పనికివచ్చునో కాకుమాను అవ్వలకు తెలియును. రేవులకు చేరువనున్న రేపల్లె, బాపట్ల పల్లెలలోని అవ్వలకు ఎండుచేపల మర్మము తెలియును. అడుగువారే కావలెను. మస్తానమ్మను అడిగినవారు ఇరువురే, ఇరువురును కుర్రవాండ్రే. వారు ఆమెను మొదట వండుమని కోరినది వంకాయకూర.