వ్యాసానికి పాఠ్య పథకం

వ్యాసానికి ప్రారంభం, విషయ వివరణ, ముగింపు ఉంటాయని మీకు తెలుసు. ఉపాధ్యాయులు బోధనలో పాటించే పద్ధతులు వ్యాసం రాసేటప్పుడు, రాసినదాన్ని దిద్దుకునేటప్పుడు ఎలా ఉపయోగపడతాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉపాధ్యాయుడు తరగతికి వెళ్లే ముందు పాఠ్య పథకం రాసుకుంటాడు. అందులో ముఖ్యమైనది లక్ష్యం. "నీటి శుభ్రత గురించి చెబుతాను" అనేది లక్ష్యం కాదు. అది ఉపాధ్యాయుడు చేసే పని. "పాఠం అయ్యాక పిల్లలు నీటిని వడకట్టి, కాచి చూపగలుగుతారు" అనేది లక్ష్యం.

ఒక ఉదాహరణ చూడండి. మీ ఊరి గ్రంథాలయంలోని గోడపత్రికకు పసిపిల్లల విరేచనాల గురించి వ్యాసం రాయాలి. చాలామంది "మానవ జీవితంలో ఆరోగ్యం అత్యంత ముఖ్యమైనది" అని మొదలుపెడతారు. బిడ్డకు విరేచనాలవుతున్న తల్లికి ఈ వాక్యం ఎందుకూ పనికిరాదు. దానికి బదులు మీ లక్ష్యాన్ని కాగితం పైన రాసుకోండి: "ఇది చదివినవారు ఇంట్లో ఉప్పు, పంచదార నీళ్లు సరిగ్గా కలపగలగాలి. బిడ్డను ఎప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాలో చెప్పగలగాలి." ఇక ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆ రెండు వాక్యాలే చెబుతాయి. సూక్ష్మజీవుల పేర్ల జాబితా ఇక్కడ అక్కరలేదు.

తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లడం మరో బోధనా సూత్రం. విరేచనాలవుతుంటే నీళ్లు పట్టకూడదని కొన్ని ఇళ్లలో నమ్ముతారు. ఆ నమ్మకాన్ని పలకరించకుండా నేరుగా కొలతలు చెబితే పాఠకులు చదువుతారు గానీ ఆచరించరు. కారుతున్న కుండను గుర్తు చేయండి. పైనుంచి నీళ్లు పోస్తూ ఉండకపోతే కుండ ఖాళీ అవుతుంది. ఈ నీళ్లు విరేచనాలను వెంటనే ఆపవు, ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి ఇస్తాయి. ఈ మాట ముందే చెప్పకపోతే, రెండు గ్లాసులు పట్టి "తగ్గలేదు" అని మానేస్తారు.

ఆ తర్వాత కొలతలు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో చిన్న టీ చెంచాతో, అంచుకు సమంగా, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు, పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి. తల్లిపాలు మానకూడదు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ చివరి మాటలను వ్యాసం మధ్యలో దాచకండి. తొందరలో ఉన్నవారికి కూడా కనబడేలా పైన విడిగా రాయండి.

ఇదే విషయాన్ని బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి 1990 వరకు ఇంటింటికీ వెళ్లి నేర్పింది. సుమారు 1 కోటి 20 లక్షల ఇళ్లకు వెళ్లారు. మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర శేరు నీళ్లు అన్నవి వారు చెప్పిన కొలతలు. చెప్పి ఊరుకోకుండా తల్లి చేతనే కలిపించేవారు. కొన్నాళ్లకు వేరొకరు కొన్ని ఇళ్లకు వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో పరీక్షించేవారు. నేర్పిన కార్యకర్త జీతం ఆ ఫలితం మీద ఆధారపడేది! జీతం సంగతి మనకు వద్దు గానీ పరీక్ష మాత్రం కావాలి. మొదట్లో తల్లులకు కలపడం వచ్చినా, వాడినవారు తక్కువే. ఎందుకని విచారిస్తే, నేర్పే కార్యకర్తలకే దాని మీద నమ్మకం లేదని, ఇంట్లో మగవారికి ఎవరూ చెప్పలేదని తేలింది. ఆ రెండూ సరిదిద్దాక వాడకం పెరిగింది. మీ వ్యాసం ఎవరికోసమో ఆలోచించేటప్పుడు, ఇంట్లో నిర్ణయం తీసుకునేవారెవరో కూడా ఆలోచించండి.

ఇక దిద్దుకోవడం. చిత్తుప్రతిని పక్కింటివారికిచ్చి "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. మొహమాటం! అలా అడగకుండా, చదివించి కాగితం తీసేసుకుని, నీళ్లు కలిపి చూపమనండి. వారు ఆగిన చోట లోపం మీ వాక్యంలో ఉంది. "తగినంత ఉప్పు" అని రాస్తే ఒక్కొక్కరి చేయి ఒక్కో రకంగా పడుతుంది. "ఒక గ్లాసు" అన్నా అంతే, అన్ని గ్లాసులూ ఒకే కొలతవి కావు. అక్షరదోషాలు దిద్దడం చివరి పని. తీసేయబోయే వాక్యంలో వత్తులు దిద్దుతూ కూర్చోవడం వృథా.

ప్రయత్నించండి: మీకు బాగా వచ్చిన ఒక పని, విత్తనశుద్ధి గానీ, సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేయడం గానీ, పది వాక్యాల్లో రాయండి. ముందుగా లక్ష్యాన్ని ఒక వాక్యంలో రాసుకోండి. ఆ పని రానివారి చేత చదివించి, చేయించండి. వారు తడబడిన వాక్యం కింద గీత గీసి, దాన్ని మాత్రమే తిరగరాయండి.