సర్వే నెంబరూ – వీలాన్ నెంబరూ

కంప్యూటర్ల మీద వ్యాసం అనగానే పేజీ తిప్పెయ్యకండి. నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన సైన్సు విద్యార్థిని. పొలం గట్లు, సర్వే నెంబర్లు తెలిసిన ఎవరికైనా ఈ విషయం సులభంగానే తెలుస్తుందని నా నమ్మకం.

ఒక భవనంలోని కంప్యూటర్లను తీగలతో ఒక స్విచ్ పెట్టెకు కలిపితే అది లోకల్ ఏరియా నెట్‌వర్క్, అనగా లాన్. అందులో ఒక కంప్యూటరు "ఫలానా చిరునామా ఎవరిది?" అని కేక వేస్తే అది అందరికీ వినబడుతుంది. పదిమంది ఉన్నచోట ఫర్వాలేదు. వందలమంది ఉంటే అంతా గోలే. పైగా పరీక్షల విభాగం వేసిన కేక హాస్టలు గదికి చేరకూడదు కదా! అలాగని ప్రతి విభాగానికీ వేరే పెట్టెలు, వేరే తీగలు కొనాలంటే ఖర్చు. అందుకని ఒకే స్విచ్‌ను లోపలే భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికీ ఒక నెంబరు ఇస్తారు. వీటినే వర్చువల్ లాన్‌లు, వాడుకలో వీలాన్‌లు అంటారు. ఒకే పొలాన్ని గట్లు వేసి మళ్లుగా విడదీసినట్లన్న మాట.

రెండు స్విచ్‌లను ఒకే తీగతో కలిపినప్పుడు ఏ ఫ్రేము ఏ వీలాన్‌దో తెలియాలి. అందుకోసం ఫ్రేముకు 4 బైట్ల ట్యాగు తగిలిస్తారు. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ఈ పద్ధతిని స్థిరపరచింది. అందులో నెంబరుకు కేటాయించినది 12 బిట్లు. అంటే 4096 నెంబర్లు. 0, 4095 పక్కన పెడితే వాడుకకు మిగిలేవి 4094.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ ట్యాగు దాన్ని గుర్తించే స్విచ్‌ల మధ్యనే చెల్లుతుంది. నడుమ వేరే జాతి రవాణా వస్తే ఏం చెయ్యాలి?

112 సర్వే నెంబరు మా ఊళ్లోనూ ఉంది, పక్క ఊళ్లోనూ ఉంది. గ్రామం పేరు చేరిస్తేనే అది ఎవరి పొలమో తేలుతుంది. ఒక కార్యాలయంలో మా కాగితం మీద గ్రామం పేరు తప్పుగా పడింది. నెంబరు సరిగానే ఉంది. అయినా మా నాన్నగారు దాన్ని దిద్దించుకోవడానికి రెండేళ్లు తిరిగారు. వీలాన్ నెంబరు సంగతీ ఇంతే. ఇక్కడ 20 అంటే పరీక్షల విభాగం, రెండో ప్రాంగణంలో 20 అంటే హాస్టలు అనుకోండి. నెంబరు ఒకటే కదా అని రెంటినీ కలిపితే, ప్రశ్నపత్రాలున్న కంప్యూటర్లు హాస్టలు కుర్రాళ్ల పక్కన కూర్చున్నట్లే! అందుకే కలిపేది నెంబర్లు కాదు. సరిహద్దు దగ్గరుండే పట్టిక.

1990ల నాటి పెద్ద ప్రాంగణాలను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. గదుల్లో ఈథర్‌నెట్ ఉండేది. భవనాల మధ్య కొన్నిచోట్ల ఎఫ్‌డీడీఐ అనే గాజు తీగల వలయం, మరికొన్నిచోట్ల సమాచారాన్ని 53 బైట్ల ముక్కలుగా కోసి పంపే ఏటీఎం పద్ధతి ఉండేవి. (డబ్బులిచ్చే యంత్రానికీ దీనికీ సంబంధం లేదు సుమా!) ఎఫ్‌డీడీఐ మీద వీలాన్‌ను గుర్తించడానికి, భద్రత కోసం పుట్టిన 802.10 ప్రమాణంలోని ఒక నెంబరును సిస్కో సంస్థ వాడుకుంది. మామూలుగా వీలాన్ నెంబరుకు లక్ష కలిపేవారు. ఇక్కడి 20 అక్కడ 1,00,020 అయ్యేది. ఏటీఎం వైపు 1995లో లాన్ ఎమ్యులేషన్ అనే విధానం వచ్చింది. అక్కడ వీలాన్‌కు సాటి అయినదాన్ని పేరుతో పిలిచేవారు. ఫలానా నెంబరు, ఫలానా పేరు ఒకటేనని సరిహద్దు స్విచ్ తన పట్టికలో రాసుకుని మార్చి పంపేది. అంతేకాదు, ఒక బైటును ఈథర్‌నెట్ చివరి బిట్టు నుంచి పంపితే, ఎఫ్‌డీడీఐ మొదటి బిట్టు నుంచి పంపేది. కాబట్టి చిరునామాలో ప్రతి బైటునూ తిరగెయ్యవలసి వచ్చేది.

నేడు ఆ వలయాలు పోయాయి గానీ చిక్కు పోలేదు. ఇప్పుడు నడుమ ఉండేది ఎక్కువగా ఐపీ రవాణా. దీనికోసం 2014లో వీఎక్స్‌లాన్ పద్ధతిని ప్రచురించారు. ధాన్యం బస్తాను విప్పకుండానే లారీకెక్కించి పైన కొత్త చీటీ అంటించినట్లు, ఇందులో ఈథర్‌నెట్ ఫ్రేమును మొత్తంగా ఒక ఐపీ ప్యాకెట్టులో పెడతారు. సాధారణంగా పాత ట్యాగు తీసేసి 24 బిట్ల కొత్త నెంబరు వేస్తారు. 4094 చాలని చోట ఇప్పుడు 1,67,77,216 నెంబర్లు! అవతలి చివర చీటీ చింపి, ఆ ఊరి నెంబరు వేసి దించుతారు. ఇక్కడ 20, అక్కడ 35 ఉన్నా పట్టిక సరిగా ఉంటే చాలు.

ఐతే చీటీకీ బరువుంటుంది. లోపలి ఈథర్‌నెట్ తలకట్టు 14, వీఎక్స్‌లాన్ 8, యూడీపీ 8, ఐపీ 20, వెరసి 50 బైట్లు. కంప్యూటరు 1500 బైట్ల సరుకు పంపితే, నడిమి దారి 1550 బైట్ల ఐపీ ప్యాకెట్టును మొయ్యగలగాలి. అది 1500 దగ్గరే ఆగితే వింత జరుగుతుంది. "ఉన్నావా?" అని అడిగే చిన్న ప్యాకెట్లు చక్కగా పోయి వస్తాయి, పెద్ద ఫైలు మాత్రం కదలదు. ఊరి రోడ్డు మీద దర్జాగా వచ్చిన గడ్డిబండి రైలు వంతెన కింద ఇరుక్కున్నట్లు! తీగ బాగానే ఉందిగదా అని అందరూ తలలు పట్టుకుంటారు.

మరో ప్రమాదం వలయం. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క లేదు. ఒకటికి రెండు చోట్ల కలిపితే, ఒక్క కేక తిరిగి తిరిగి పెరిగి రెండు ప్రాంగణాలనూ ముంచుతుంది. ఒకే లాన్‌లో ఇది జరగకుండా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రవేత్త స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టారు. కానీ నడుమ సొరంగం లాంటి దారి ఉన్నప్పుడు ఆ పద్ధతి సందేశాలు అవతలికి చేరతాయన్న భరోసా లేదు. అందుకని ఒక్కచోటే కలపాలి, లేదా ఈవీపీఎన్ వంటి అదుపు పద్ధతి పెట్టాలి. ఇంకో మాట: వీఎక్స్‌లాన్ తనంతట తాను దేన్నీ రహస్యలిపిలోకి మార్చదు. బయటి ఇంటర్నెట్ మీదుగా పంపేటప్పుడు ఆ కట్టుదిట్టం వేరే చేసుకోవాలి.

గట్టుకు గండి కొట్టేముందు రైతు అవతలి మడి ఎవరిదో, ఎంత నీరు పడుతుందో, మిగులు ఎటు పోతుందో చూసుకుంటాడు. రేపు మనలో చాలామంది ఏదో ఒక ఆఫీసులోనో, ఆస్పత్రిలోనో, కాలేజీలోనో ఇలాంటి పనికి కూర్చుంటాం. తీగ పట్టుకునేముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి: రెండు వైపులా నెంబర్ల అర్థం, నడిమి దారి మోసే బరువు, కలిసే చోట్లు ఎన్ని. ఆ కాగితాన్ని పెట్టె పక్కనే ఉంచండి. మన తర్వాత వచ్చేవాడు దాన్ని చూసే పని చెయ్యాలి కదా!