లినక్స్ లాప్‌టాప్‌లలో నెట్‌వర్క్ నిర్వహణ సాధనాల ఎంపిక: తెలుగు పరిశోధకుల అవసరాల దృష్ట్యా

చోడవరం (2022 వరకు విశాఖపట్నం, నేడు అనకాపల్లి జిల్లా) వంటి పట్టణంలో పరిశోధకుల లాప్‌టాప్ ఒకే రోజులో కళాశాల వైఫైకి, ఇంటి బ్రాడ్‌బ్యాండుకు, దారిలో ఫోన్ హాట్‌స్పాటుకు మారుతూ ఉంటుంది. గ్రంథాలయంలో కదలకుండా ఉండే డెస్క్‌టాప్ అవసరం వేరు. కాబట్టి ఏ సాధనం మేలైనదన్న ప్రశ్నకు ముందు, యంత్రం ఎన్ని తావులు మారుతుందో తేల్చుకోవాలి.

డెబియన్ సంప్రదాయానికి చెందిన ఇఫ్‌అప్‌డౌన్ ఒక పాఠ్య దస్త్రాన్ని చదివి పనిచేస్తుంది. తీగతో కలిపిన డెస్క్‌టాప్‌కు నేటికీ అది చాలు. సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి కూడా స్థిర యంత్రాలకే అనువైనది. వైఫై కోసం దానికి మరొక సాధనం తోడు కావాలి. ఒకప్పుడు తేలికైనదిగా పేరు పొందిన విక్‌డి పైథాన్ 2పై ఆధారపడినందున, 2021లో వెలువడిన డెబియన్ 11లో చోటు కోల్పోయింది. పాత పాఠాలు చూసి దాని కోసం వెతకడం వృథా శ్రమ. ఉబుంటు వాడే నెట్‌ప్లాన్ స్వయంగా నిర్వాహకం కాదు. ఆదేశాలను నెట్‌వర్క్ మేనేజరుకో, నెట్‌వర్క్‌డికో అందించే మధ్యవర్తి మాత్రమే.

తిరిగే లాప్‌టాప్‌కు, రెడ్‌హ్యాట్ 2004లో ప్రారంభించిన నెట్‌వర్క్ మేనేజరే సముచితం. దీనికి తెలుగు అనువాదం కూడా ఉంది. అయితే అసలు కారణం అది కాదు. ఏ అనుసంధానాన్నైనా ఇందులో ‘డేటా పరిమితి కలది’గా గుర్తించవచ్చు, ఆండ్రాయిడ్ హాట్‌స్పాటును చాలావరకు తానే పసిగడుతుంది. అప్పుడు గ్నోమ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను నవీకరణలను దింపుకోదు. తాళపత్ర ప్రతుల స్కాన్‌లు దింపుకొంటున్న వేళ నవీకరణలే రోజువారీ డేటాను మింగేస్తే ఆనాటి పని ఆగిపోయినట్లే.

తెలుగు లిపికి సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. వైఫై పేరు 32 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు హల్లుకూ, గుణింత గుర్తుకూ, పొల్లుకూ 3 బైట్లు పడతాయి. ‘చోడవరం’ 18 బైట్లలో ఇముడుతుంది; ‘ప్రభుత్వ కళాశాల’కు 43 కావాలి. నెట్‌వర్క్ మేనేజరులో అనుసంధానపు పేరు వైఫై పేరు నుండి వేరుగా భద్రమవుతుంది కనుక, వాడుకరి తన యంత్రంలో పూర్తి తెలుగు పేరే పెట్టుకోవచ్చు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లు, ఒకే పరికరాన్ని ఇద్దరు నిర్వాహకులకు అప్పగించరాదు. డెబియన్‌లో ఇఫ్‌అప్‌డౌన్ దస్త్రంలో పేర్కొన్న పరికరాన్ని నెట్‌వర్క్ మేనేజర్ సాధారణంగా ముట్టుకోదు. వైఫై ‘నిర్వహణలో లేదు’ అని కనిపించడానికి తరచు ఇదే హేతువు. ఆ దస్త్రంలోని సంబంధిత పంక్తులను తొలగించి, సేవను తిరిగి ప్రారంభించాలి.