ఆరు కోట్ల గుండెలు, పాతిక అక్షరాలు

సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినోత్సవం. ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. శుక్రవారానికే పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. ఉప్పు, నడక, కొలెస్ట్రాల్ ఏటా రాసేవే. పాత కాగితాలు తిరగేస్తుంటే హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, ధండపాణి తదితరులు 2009లో ‘నేచర్ జెనెటిక్స్’లో అచ్చేయించిన పత్రం కంటబడింది. దాంతో మిగతావన్నీ పక్కకు పోయాయి.

ఆ పత్రమంతా 25 డీఎన్‌ఏ అక్షరాల గురించే. గుండె కండరం ముడుచుకునేలా లాగేది మయోసిన్. ఆ లాగుడు హద్దు మీరకుండా పగ్గం పట్టే ప్రొటీన్ మరొకటుంది. దాన్ని తయారుచేయించే జన్యువు ఎంవైబీపీసీ3. మనవాళ్లలో కొందరికి ఈ జన్యువు చివరి భాగంలో 25 అక్షరాలు ఉండవు. నిజానికి అవి ప్రొటీన్‌లోకి వెళ్లేవి కూడా కావు, కణం కత్తిరించి పారేసే ఇంట్రాన్‌లోవి. అయినా అవి లేకపోయేసరికి కత్తిరింపు గురి తప్పి, పక్కనున్న పనికొచ్చే ముక్క కూడా తెగిపోతుంది. ప్రొటీన్ చివర చెడుతుంది. వయసులో ఉండగా కణం ఆ చెడ్డ ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు తీసేస్తుందనీ, వయసు మళ్లాక అది పేరుకుపోతుందనీ వారి వివరణ.

800 మంది రోగులను, 699 మంది ఆరోగ్యవంతులను పోల్చి, ఈ లోపం ఉన్నవారికి గుండె కండర జబ్బు ముప్పు దాదాపు ఏడు రెట్లని తేల్చారు. దక్షిణాసియాలో నూటికి నలుగురిలో ఈ లోపం ఉంది. అప్పటి సుమారు నూట యాభై కోట్ల జనాభాకు నాలుగు శాతమంటే ఆరు కోట్లు. పత్రికలకు ఇంతకన్నా ఏం కావాలి?

నాకు ఆ అంకె మీదే అనుమానం. గుండె కండరం మందమెక్కే జబ్బు 500 మందిలో ఒకరికి వస్తుందనుకుందాం. ఏడు రెట్లన్నా నూటికి ఒకటిన్నర దాటదు. మిగతా తొంభై ఎనిమిది మందిని భయపెట్టి ఏం లాభం?

తర్వాతి పరిశోధనలు ఈ ముడిని కొంత విప్పాయి. 2018లో శక్తివేల్ సదయప్పన్ బృందం అమెరికాలోని 2,401 మంది దక్షిణాసియావాసులను పరీక్షించింది. ఆరు శాతం మందిలో ఈ లోపం కనిపించింది. అయితే వారిలో దాదాపు పదోవంతు మందికి అదే జన్యువులో డీ389వీ అనే మరో మార్పు కూడా ఉంది. గుండె మామూలు కన్నా బలంగా ముడుచుకుంటున్నది వాళ్లలోనే. 2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. కొందరిలో 25 అక్షరాల లోపంతో పాటే తరతరాలుగా వస్తున్న మరో అరుదైన మార్పును పట్టుకున్నారు. కండరం మందమెక్కే ముప్పంతా దాదాపు దానిదే; అది లేనివారిలో పాతిక అక్షరాల లోపం ఒక్కటే ఉంటే ఆ ముప్పు కనిపించలేదు.

చరిత్ర నాలుగు ముక్కల్లో: ఈ జబ్బుకు మొదటి జన్యువు 1990లో దొరికింది, ఎంవైబీపీసీ3 పాత్ర 1995లో తేలింది, మయోసిన్ జోరు తగ్గించే మందు మావాకామ్‌టెన్‌కు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది.

తొలి పత్రాన్ని తీసిపారేయమని నా ఉద్దేశం కాదు. మన జనాభాను మన ప్రయోగశాలలోనే చదవకపోతే ఆ లోపం ఇంత విస్తారంగా ఉందని తెలిసేదే కాదు. అసలు దోషి కోసం వెతికేవాళ్లకు దారి చూపిందీ అదే. నా పేచీ ఆరు కోట్ల శీర్షికతోనే. అది వేసిన పత్రికలు 2020 నాటి సవరణకూ అంతే చోటు ఇవ్వాల్సింది.

బాక్స్: హార్ట్ ఫెయిల్యూరంటే గుండె ఆగిపోవడమా?
కాదు. ఒంటికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం. ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం లక్షణాలు. తిరువనంతపురం రిజిస్ట్రీలోని 1,205 మంది రోగుల్లో 72 శాతం మందికి మూలం గుండె రక్తనాళాల జబ్బే.

బాక్స్: పరీక్ష ఎవరికి?
ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా, గుండె కండరం మందమెక్కిందని తేలినా తోబుట్టువులు, పిల్లలు ఈసీజీ, ఎకో తీయించుకోవాలి. జన్యు పరీక్ష ఆ తర్వాత, డాక్టర్ చెబితేనే.