ఆటల కిటుకుల పుస్తకములు కొనదగునా?

పిల్లవాడు ఆటవస్తువును గాక, ఆటను గెలుచు ఉపాయములను దెలుపు పుస్తకమును కొనిపెట్టుమని యడిగినచో తల్లి యేమని బదులు చెప్పవలెను? వీడియో గేములకు అట్టి పుస్తకములు గలవు. వానిని ‘గైడు’లందురు. ఏ దారిని పోవలెను, ఏ శత్రువు నెట్లు జయింపవలెను, దాచిన వస్తువు లెక్కడ నున్నవి యను సంగతులు వానిలో పటములతో సహా ముద్రింపబడి యుండును. పరీక్షల గైడులే దండుగ యనుకొను ఇండ్లలో ఆటకు గైడేమిటని నవ్వుదురేమో. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదని మా యభిప్రాయము.

ఏలన, నిజామాబాదు నుండి బోధనుకు పోవు దారిలోని మన యెడపల్లి ప్రాంతమున రూపాయి యెట్లు వచ్చునో సోదరీమణు లెరుగనిది కాదు. 1930 దశకమున వెలసిన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. ఈ జిల్లా మగవారు పెక్కురు గల్ఫు దేశములలో నున్నారు. ఇంట నున్నవారు పొలము చూచుకొనుచు, బీడీలు చుట్టుచు సంసారము నడుపుచున్నారు. తండ్రి పంపిన ఫోను పిల్లవాని చేతిలో నుండును. అందులో వాడేమి చేయుచున్నాడో విచారింపవలసిన భారము తల్లి యొక్కతెమీదనే పడును. వేల బీడీలు చుట్టినగాని రాని సొమ్మును ఒక పుస్తకముపై నుంచుటకు ముందు, అది యేపాటి పనికివచ్చునో తెలిసికొనుట యావశ్యకము.

1980లో జపానున పుట్టిన ‘పాక్‌మాన్’ అను ఆటను జూడుడు. చిక్కుదారులలో ఒక గుండ్రని బొమ్మ చుక్కలను మ్రింగుచు పోవుచుండును. నాలుగు దయ్యములు దానిని తరుముచుండును. ఆటగాడు మరల అదే దారిని అదే విధముగా నడచినచో దయ్యములును మరల అట్లే నడచును. ఈ గుట్టు తెలిసినవారు దారుల పటములు గీసి పుస్తకములు ప్రకటించిరి. అవి చక్కగా అమ్ముడుపోయెను. 1982లో ‘మిస్ పాక్‌మాన్’ వచ్చెను. తలపై రిబ్బను ముడిచిన యీ యాడుబొమ్మ యాటలో దయ్యముల నడకను కొంత నిలుకడలేనిదిగా జేసిరి. అంతటితో కంఠస్థము చేసిన దారులు నిష్ప్రయోజనము లయ్యెను.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిందే యున్నది. ఆట మారక నిలిచియున్నప్పుడు గైడు పనిచేయును. ఆట మారుచున్నప్పుడు అది పాత పంచాంగము.

చదరంగము నియమములు నేడు మారునవి కావు గనుక దాని పుస్తకము తరములు నిలుచును. 2019లోను, 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేత్రియైన మన కోనేరు హంపి యాడునదియు, ఆమెకు ముందు తరముల వారాడినదియు ఒకటే యాట. మన పచ్చీసు, పులిమేక, వామనగుంటలకు పుస్తకమే యక్కరలేదు; చింతగింజలు చేత బట్టిన అవ్వయే గైడు.

మరి మన పిల్లలు ఫోనులో నాడునవి యెట్టివి? పబ్జీని 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము నిషేధించెను. దాని స్థానమున 2021లో వచ్చిన ‘బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ 2022లో ఆగి, 2023లో మరల వచ్చెను. ఉన్నకాలమందును ఇట్టి యాటలకు నూతన ఆయుధములు, నూతన పటములు చేర్చుచునే యుందురు. వీనికి అచ్చుపుస్తకము కొనుట వరదనీటికి కొలబద్ద కట్టినట్లే. కొనవద్దని నిస్సంశయముగా చెప్పుచున్నాము.

‘మైన్‌క్రాఫ్ట్’ అనునది వేరు తీరున నుండును. 2011లో పూర్తిరూపమున వెలువడిన యీ యాటలో ఇల్లు గట్టుట, గని త్రవ్వుట, పొలము సాగుచేయుట ముఖ్యము. మూడు పలకలను పైవరుసన బేర్చి, వాని నడుమ క్రిందుగా రెండు కట్టెపుల్లలను ఒకదానిక్రింద నొకటి యుంచిన గునపమగును; బొగ్గును పుల్లను కూర్చిన దివిటీ యగును. ఇది యచ్చముగా వంటల పుస్తకము పద్ధతి గదా! మొదట నీ కొలతలను ఆట తానై చెప్పెడిది కాదు గనుక గైడులు మిక్కిలి యుపయోగించెను. 2017లో ఆటలోనే యొక వంటకముల పట్టిక వంటిదానిని చేర్చిరి. ఇప్పుడు కొనునది కొలతలకై గాక, కట్టడముల చిత్రములను జూచి తానును కట్టుటకు మాత్రమే. ఆంగ్లము నేర్చుచున్న పిల్లలకు ఇట్టి పుస్తకము చక్కని వాచకము కూడ నగును. పాఠమనిన పారిపోవువాడు తన గోడ లేపుటకు పుట తరువాత పుట చదువును. ఇంటికి కంప్యూటరు లేనివారును తల్లీబిడ్డలు ప్రక్కప్రక్కన కూర్చుండి పుటలు త్రిప్పవచ్చును. పిల్లవాని యాట యేదో తల్లికిని తెలియుట సామాన్య లాభమా?

పాశ్చాత్యదేశములలో సైతము ఈ వ్యాపారము క్షీణించినది. 1990లో ప్రారంభమైన ప్రైమా సంస్థ గైడుల ప్రచురణను నిలిపివేయుచున్నట్లు 2018లో ప్రకటించెను. 1995 నుండియే ఆటగాండ్రు ఉపాయములను వ్రాసి అంతర్జాలమున ఉచితముగా నుంచసాగిరి. తరువాత యూట్యూబులో ఆడిచూపువారు బయలుదేరిరి. పెద్ద పెద్ద కథల ఆటలకు మాత్రము నేటికిని బరువైన గైడులు వెలువడుచున్నవి. వాని వెల సామాన్య సంసారులకు తగదు.

ఉచితమే మేలని కొందరందురు. డబ్బు మిగులుట నిజమే. కాని ఒక చిక్కుముడికి సమాధానము వెదకుటకు ఫోను చేతబట్టిన బాలుడు, ఆ వీడియో చివర మరియొకటి, దాని చివర ఇంకొకటి చూచుచు అన్నము వేళ మరచును. పుస్తకమునకు కడపటి పుట యున్నది.

గైడు పేరిట ఫోనులోనికి వచ్చు మోసమును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసి యున్నది. ఈ ఫైలు కొనుడు, డైమండ్లు ఊరకే వచ్చును, ఓటీపీ చెప్పుడు అని సందేశములు వచ్చును. ఇవి గైడులు కావు. బ్యాంకు ఖాతాకు వేసిన కన్నములు. సొమ్ము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. పిల్లవానిని దండించుట తరువాతి మాట. రమ్మీలో గెలుచు ఉపాయములు నేర్పెదమనువారి నసలే చేరనీయరాదు. పందెపు రమ్మీ యాటలను అంతర్జాలమున మన రాష్ట్రము 2017లోనే నిషేధించెను. 2025 ఆగస్టులో దేశమంతటికిని వర్తించునట్లు పార్లమెంటు చట్టము చేసెను.

కొనదలచినవారు మొదట పిల్లవానిని ఆట పేరడిగి, అది నిలిచియుండునదో మారునదో కనుగొని, పిదప నిజామాబాదు పుస్తకశాలలో నాలుగు పుటలు త్రిప్పిచూచి బేరమాడవచ్చును. పుస్తకము వచ్చిన తరువాత తల్లియే దాచుట మంచిది. చిక్కుముడి యెదుట ఒకదినమైనను వాడు స్వయముగా బుర్ర గోకుకొన్న పిమ్మట, ఆ పుట మాత్రము తెరచి యీయవలెను.